కొసోవో: గుర్తింపు కంటే ముందే పుట్టిన జట్టు

సమర్పకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. ఐరోపాలో అందరికంటే ఆలస్యంగా దేశంగా ప్రకటించుకున్న కొసోవోలో ఫుట్‌బాల్ ఎలా పెరిగిందో ఈ భాగంలో మాట్లాడుకుందాం. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మాస్టారు మనతో ఉన్నారు. బాల్కన్ దేశాల ఫుట్‌బాల్‌ను ఆయన చాలాకాలంగా గమనిస్తున్నారు. మాస్టారూ, ముందుగా ఈ దేశం ఎంతది, ఎక్కడిది అన్నది మన శ్రోతలకు చెప్పండి.

మాస్టారు: నమస్కారమమ్మా. కొసోవో విస్తీర్ణం 10,887 చదరపు కిలోమీటర్లు. విభజనకు ముందున్న మన పాత గుంటూరు జిల్లా కంటే అది కొంచెం చిన్నదే. అయితే గుంటూరు జిల్లాలో 2011 నాటికే దాదాపు 49 లక్షల మంది ఉండగా, కొసోవో జనాభా 20 లక్షలకు కూడా చేరదు. సెర్బియా, అల్బేనియా, ఉత్తర మాసిడోనియా, మాంటెనెగ్రోల మధ్య ఉన్న ఆ నేల ఒకప్పుడు యుగోస్లావియాలో స్వయంప్రతిపత్తి గల ప్రాంతంగా ఉండేది. అక్కడి ప్రజల్లో అత్యధికులు అల్బేనియన్ భాష మాట్లాడతారు. 1998, 1999 సంవత్సరాల్లో యుద్ధం జరిగింది, ఆ తరువాత ఐక్యరాజ్య సమితి పాలన సాగింది, 2008 ఫిబ్రవరి 17న కొసోవో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. వందకు పైగా దేశాలు దానిని గుర్తించాయి. సెర్బియా, రష్యా, చైనా, స్పెయిన్ గుర్తించలేదు. మన భారతదేశం కూడా గుర్తించలేదు.

సమర్పకురాలు: మన దేశం గుర్తించకపోవడం వల్ల క్రీడల్లో ఏమైనా ఇబ్బంది వచ్చిందా?

మాస్టారు: వచ్చింది. 2018లో ఢిల్లీలో మహిళల ప్రపంచ బాక్సింగ్ పోటీలు జరిగినప్పుడు కొసోవో క్రీడాకారిణికి మన వీసా దొరకలేదు. దేశాల మధ్య దౌత్యం ఎలా ఉన్నా, ఏళ్ల తరబడి సాధన చేసిన ఒక అమ్మాయి బరిలోకి దిగకుండానే ఆగిపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. కొసోవో ఫుట్‌బాల్ ఆటగాళ్లు కూడా ఇలాంటి అడ్డంకుల మధ్యనే పెరిగారు. అందుకే వాళ్ల కథను కేవలం గెలుపోటముల పట్టికలా చెప్పుకుంటే సగమే చెప్పినట్లవుతుంది.

సమర్పకురాలు: స్వాతంత్ర్యం వచ్చాక ఆట పెరిగిందని చాలామంది అనుకుంటారు. మీరు అలా అనుకోవడం లేదని ఇంతకుముందు నాతో అన్నారు.

మాస్టారు: అవునమ్మా, అక్కడ వరుస తారుమారైంది. ముందు జట్టు పుట్టింది, తరువాత దేశం ఏర్పడింది, అందరికంటే చివర అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. యుగోస్లావియా కాలంలోనే ఆ ప్రాంతంలో మంచి ఫుట్‌బాల్ ఉండేది. మిట్రోవిట్సా పట్టణంలో గనుల మీద బతికే జనం పెంచుకున్న ట్రెప్చా క్లబ్ 1977-78లో యుగోస్లావియా మొదటి శ్రేణి లీగ్‌లో ఆడి, అదే ఏడాది కప్పు ఫైనల్ దాకా వెళ్లి రియేకా క్లబ్ చేతిలో ఓడిపోయింది. రాజధాని ప్రిష్టినా పేరుతో ఉన్న క్లబ్ 1983 నుంచి 1988 వరకు ఆ మొదటి శ్రేణిలో నిలబడింది. యుగోస్లావియా ఫుట్‌బాల్ స్థాయి ఎలాంటిదో మన హైదరాబాదీయులకు బాగా తెలుసు. రహీమ్ సాబ్ శిక్షణలో మన జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరినప్పుడు మనల్ని 4-1తో ఓడించింది ఆ యుగోస్లావియాయే. అటువంటి దేశంలో మొదటి శ్రేణిలో ఆడటం చిన్న విషయం కాదు.

సమర్పకురాలు: ఫాదిల్ వోక్రి అనే పేరు కొసోవో గురించి చదివిన ప్రతిచోటా కనిపిస్తుంది. ఆయన ఈ ప్రిష్టినా క్లబ్ వారేనా?

మాస్టారు: వారే. పొడుయెవో పట్టణంలో పుట్టి, ప్రిష్టినా తరఫున ఆడి, అక్కడి నుంచి బెల్గ్రేడ్‌లోని పార్టిజాన్‌కు, ఆ తరువాత ఫ్రాన్స్‌కు, తుర్కియేలోని ఫెనర్‌బాచెకు వెళ్లిన ఫార్వర్డ్ ఆయన. 1984 నుంచి 1987 వరకు యుగోస్లావియా జాతీయ జట్టుకు 12 మ్యాచ్‌లు ఆడారు. కొసోవో అల్బేనియన్‌గా ఆ చొక్కా వేసుకుని పేరు తెచ్చుకోవడం, పార్టిజాన్ అభిమానుల మన్ననలు కూడా పొందడం మామూలు సంగతి కాదు. ఆట మానేశాక ఆయన చేసిన పని అంతకంటే పెద్దదని నా అభిప్రాయం. దాని గురించి తరువాత చెబుతాను. ముందు 1990ల గురించి చెప్పాలి.

సమర్పకురాలు: చెప్పండి. ఆ దశాబ్దంలో ఏం జరిగింది?

మాస్టారు: 1989లో బెల్గ్రేడ్ ప్రభుత్వం కొసోవో స్వయంప్రతిపత్తిని తీసివేసింది. ఆ తరువాత అల్బేనియన్లను ఉద్యోగాల నుంచి పెద్ద ఎత్తున తొలగించారు, అల్బేనియన్ భాషలో సాగే చదువులను బడుల నుంచి వెళ్లగొట్టారు. దానికి ప్రజలు సమాంతర వ్యవస్థను కట్టుకుని బదులు చెప్పారు. ఉపాధ్యాయులు ఇళ్లలో తరగతులు నడిపారు, వైద్యులు సొంతంగా ఆరోగ్య కేంద్రాలు పెట్టారు. ఫుట్‌బాల్ కూడా అదే దారి పట్టింది. 1991లో అల్బేనియన్ ఆటగాళ్లు యుగోస్లావియా సమాఖ్య నుంచి బయటకు వచ్చి సొంత లీగ్ మొదలుపెట్టారు. స్టేడియంలు వాళ్లవి కావు కాబట్టి ఊళ్ల చివర ఉన్న పచ్చిక బయళ్లలో, కొండవాలుల కింద, గీతలు కూడా సరిగా లేని నేలలో ఆడారు. ప్రేక్షకులు వాలు మీద నిలబడి చూసేవారు. పోలీసులు వచ్చి మ్యాచ్ ఆపించి, ఆటగాళ్లను, నిర్వాహకులను పట్టుకెళ్లిన సందర్భాలు ఉన్నాయి. ఆట అయ్యాక స్నానానికి గదులు లేక వాగులో ఒళ్లు కడుక్కునేవాళ్లమని ఆ తరం వాళ్లు చెబుతుంటారు.

సమర్పకురాలు: జీతం లేదు, మైదానం లేదు, అంతర్జాతీయ పోటీల ఆశ కూడా లేదు. అయినా ఎందుకు ఆడారంటారు?

మాస్టారు: ఆడటం మానేస్తే ఆ ఆట తమది కాకుండా పోతుందని వాళ్లు భావించారని నేను అనుకుంటున్నాను. ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది ఆటగాళ్ల ధైర్యం ఒక్కటే కాదు. ఆ లీగ్‌కు రిఫరీలు ఉన్నారు, పాయింట్ల పట్టిక ఉంది, క్లబ్బుల కార్యవర్గాలు ఉన్నాయి, ఆటగాళ్ల నమోదు ఉంది. అంటే చేతిలో ఏమీ లేని రోజుల్లో కూడా సమాఖ్య అనే సంస్థ బతికే ఉంది. 1993 ఫిబ్రవరిలో ఆ జట్టు టిరానా వెళ్లి అల్బేనియాతో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడి 3-1తో ఓడింది. ప్రపంచ పటంలో లేని దేశానికి అప్పటికే జాతీయ జట్టు ఉందన్నమాట. 2008లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి సమాఖ్యను కొత్తగా స్థాపించవలసిన అవసరం రాలేదు. ఉన్నదానికి తలుపులు తెరిపించవలసి వచ్చింది.

సమర్పకురాలు: ఆ తలుపులు తెరిపించే బాధ్యతే వోక్రి గారి మీద పడిందా?

మాస్టారు: అవును. 2008లో ఆయన సమాఖ్య అధ్యక్షుడయ్యారు. ప్రధాన కార్యదర్శి ఎరోల్ సలీహు కూడా ప్రిష్టినా క్లబ్‌కు ఆడినవారే. ఈ ఇద్దరూ ఎనిమిదేళ్ల పాటు ఒక్కొక్క దేశపు సమాఖ్య దగ్గరికి వెళ్లి తమ మాట చెప్పుకుంటూ వచ్చారు. ఆ పనికి వోక్రి సరిగ్గా సరిపోయారు. రాజకీయ నాయకుడు మాట్లాడితే వినని వాళ్లు, తమతో కలిసి ఆడిన మనిషి వచ్చి మాట్లాడితే కనీసం కూర్చోబెట్టి వింటారు కదా. 2012లో కొసోవో మూలాలున్న షాకిరి, గ్రానిట్ జాకా, బెహ్రామి, అప్పటి అల్బేనియా కెప్టెన్ లోరిక్ చానా వంటి ఆటగాళ్లు కొసోవోను ఆడనివ్వమని కోరుతూ ఫిఫాకు రాసిన లేఖపై సంతకాలు చేశారు. చివరికి 2014 జనవరిలో ఫిఫా కొన్ని షరతులతో స్నేహపూర్వక మ్యాచ్‌లకు అనుమతి ఇచ్చింది.

సమర్పకురాలు: ఆ షరతులేమిటి?

మాస్టారు: జాతీయ పతాకం ఎగరకూడదు, జాతీయ గీతం వినిపించకూడదు, పాత యుగోస్లావియా నుంచి ఏర్పడిన దేశాలతో ఆడకూడదు. ఆ షరతుల మధ్యనే 2014 మార్చి 5న మిట్రోవిట్సాలో హైతీతో మొదటి మ్యాచ్ జరిగింది. ఆ పట్టణాన్ని ఎంచుకోవడంలోనే ఒక అర్థం ఉంది. ఇబార్ నదికి దక్షిణాన అల్బేనియన్లు, ఉత్తరాన సెర్బులు ఉండే ఊరది, వంతెన మీద అంతర్జాతీయ బలగాలు కాపలా కాసే ఊరది. ఆ రోజు దాదాపు 17 వేల మంది వచ్చారు. మైదానంలో గీతం లేదు గాని, ప్రేక్షకుల చేతుల్లో జెండాలను ఎవరూ ఆపలేకపోయారు. మ్యాచ్ 0-0తో ముగిసింది. గోల్ లేని మ్యాచ్‌ను కూడా జనం పండుగలా చేసుకున్న రోజు అది. రెండు నెలల తరువాత అదే మైదానంలో తుర్కియే చేతిలో 6-1తో ఓడిపోయారు. ఆ ఓటమిలో వచ్చిన ఒక్క గోల్, ఫిఫా అనుమతించిన మ్యాచ్‌లలో కొసోవోకు మొదటి గోల్. దానిని కొట్టినవాడు ఆల్బర్ట్ బున్యాకు. స్విట్జర్లాండ్ తరఫున ఒకప్పుడు ప్రపంచ కప్‌కు వెళ్లిన ఆటగాడు.

సమర్పకురాలు: మీరు ఇప్పుడు స్విట్జర్లాండ్ పేరు తీసుకున్నారు. ఈ సంబంధం ఏమిటో కాస్త వివరంగా చెప్పండి. షాకిరి, జాకా ఇద్దరూ స్విట్జర్లాండ్ ఆటగాళ్లే కదా?

మాస్టారు: ఈ కథకు గుండెకాయ అదేనమ్మా. 1960ల నుంచే కొసోవో మగవాళ్లు కూలి పనుల కోసం స్విట్జర్లాండ్, జర్మనీ వెళ్లేవారు. 1990లలో అణచివేత పెరిగాక కుటుంబాలకు కుటుంబాలే తరలిపోయాయి, యుద్ధం ఇంకెన్నో వేలమందిని తరిమింది. ఆ కుటుంబాల పిల్లలు బాసెల్, జ్యూరిక్ వంటి నగరాల క్లబ్బుల్లో, మంచి పచ్చిక మీద, శిక్షణ పొందిన కోచ్‌ల చేతుల్లో ఆట నేర్చుకున్నారు. షాకిరి కొసోవోలోని జిలాన్‌లో పుట్టి పసితనంలోనే స్విట్జర్లాండ్ చేరాడు. బెహ్రామి మిట్రోవిట్సాలో పుట్టాడు. జాకా సోదరుల తండ్రి యుగోస్లావియాలో విద్యార్థిగా ప్రభుత్వానికి వ్యతిరేకంగా నిరసన తెలిపి, మూడేళ్లకు పైగా జైలులో ఉండి, విడుదలయ్యాక బాసెల్‌కు వలస వెళ్లిన మనిషి. ఆయన కొడుకుల్లో గ్రానిట్ స్విట్జర్లాండ్‌ను, తౌలాంట్ అల్బేనియాను ఎంచుకున్నారు. 2016లో ఐరోపా దేశాల కప్పు అయిన యూరో పోటీల్లో ఆ రెండు జట్లూ తలపడినప్పుడు వాళ్ల తల్లి సగం స్విట్జర్లాండ్, సగం అల్బేనియా రంగులతో కుట్టించుకున్న చొక్కా వేసుకుని స్టాండ్‌లో కూర్చున్నారు. కొసోవో వాళ్ల పరిస్థితిని అంత స్పష్టంగా చూపించిన దృశ్యం నేను మరొకటి చూడలేదు. ఇద్దరు కొడుకులు రెండు దేశాలకు ఆడుతున్నారు. వాళ్లు ఏ నేల నుంచి వచ్చారో ఆ నేలకు మాత్రం ఆ పోటీల్లో చోటు లేదు.

సమర్పకురాలు: 2018 ప్రపంచ కప్‌లో సెర్బియా మీద గోల్ కొట్టి షాకిరి, గ్రానిట్ జాకా ఇద్దరూ చేతులతో గద్ద గుర్తు చూపించారని పెద్ద గొడవ జరిగింది. అది సరైన పనేనంటారా?

మాస్టారు: కలినిన్‌గ్రాడ్ మ్యాచ్ అది, స్విట్జర్లాండ్ 2-1తో గెలిచింది. చేతులు రెండూ కలిపి అల్బేనియా పతాకం మీది రెండు తలల గద్దను చూపించినందుకు ఫిఫా వాళ్లకు జరిమానా వేసింది. క్రీడా మైదానంలో రాజకీయ సంకేతాలు రాకూడదన్న నియమాన్ని నేను గౌరవిస్తాను, జరిమానా వేయడం తప్పని అనను. అయితే తండ్రి జైలు జీవితం గురించి వింటూ పెరిగిన కుర్రవాడు, మ్యాచ్ అంతా స్టాండ్ల నుంచి ఈలలు, కేకలు పడి, గోల్ కొట్టిన క్షణంలో ఏం చేస్తాడో నియమావళిని చూసి అంచనా వేయలేం. షాకిరి తన బూట్ల మీద రెండు జెండాలు కుట్టించుకుని ఆడాడు. అందులో ఒకటి కొసోవోది. స్విట్జర్లాండ్‌కు ఆడటం ద్రోహమని కొసోవోలో కొందరు అన్నారు గాని, వాళ్లు ఎంచుకున్నప్పుడు కొసోవోకు ఫిఫాలో చోటే లేదన్నది మరచిపోకూడదు.

సమర్పకురాలు: ఆ చోటు 2016లో వచ్చింది. ఆ ఓటింగ్ గురించి చెప్పండి.

మాస్టారు: 2016 మే 3న బుడాపెస్ట్‌లో ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య అయిన యూఈఎఫ్‌ఏ మహాసభ జరిగింది. ఐక్యరాజ్య సమితిలో సభ్యత్వం లేని దేశాన్ని చేర్చుకోవచ్చా అన్నదే అక్కడ పెద్ద చిక్కు. సెర్బియా గట్టిగా వ్యతిరేకించింది. ఓట్లు లెక్కపెడితే అనుకూలంగా 28, వ్యతిరేకంగా 24 వచ్చాయి. ఇద్దరు ప్రతినిధులు మనసు మార్చుకుని ఉంటే ఓట్లు సమానమయ్యేవి. పది రోజుల తరువాత మెక్సికో నగరంలో జరిగిన ఫిఫా మహాసభలో మాత్రం 141 మంది అనుకూలంగా, 23 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. సెర్బియా క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది గాని, 2017 జనవరిలో ఆ పిటిషన్‌ను కొట్టివేశారు. అప్పటికే ఒలింపిక్ కమిటీ 2014 డిసెంబరులో కొసోవోను చేర్చుకుంది. 2016 రియోలో మాయ్లిందా కెల్మెండి జూడోలో స్వర్ణం గెలిచి, ఆ దేశపు మొదటి ఒలింపిక్ పతకాన్ని తెచ్చింది. ఫుట్‌బాల్ జట్టు మొదటి అధికారిక మ్యాచ్ ఆడింది ఆ తరువాతి నెలలోనే.

సమర్పకురాలు: ఫిన్లాండ్‌తో జరిగిన మ్యాచ్ కదా? అందులో ఎవరు ఆడతారో చివరి గంటల దాకా తెలియదని విన్నాను.

మాస్టారు: నిజమే. 2018 ప్రపంచ కప్ అర్హత గ్రూపుల డ్రా 2015లోనే తీసేశారు. కాబట్టి కొసోవోను తరువాత ఒక గ్రూపులోకి చేర్చవలసి వచ్చింది. ఖాళీ ఉన్న రెండు గ్రూపుల్లో ఒకదానిలో బోస్నియా ఉంది. కొసోవోను గుర్తించని ఆ దేశంతో ఆడించకూడదు కనుక, క్రొయేషియా, ఐస్‌లాండ్, ఉక్రెయిన్, తుర్కియే, ఫిన్లాండ్ ఉన్న గ్రూపులో వేశారు. అంతకుముందు వేరే దేశాలకు ఆడిన వాళ్లు జట్టు మారాలంటే ఫిఫా ఒక్కొక్కరికి విడివిడిగా అనుమతి ఇవ్వాలి. 2016 సెప్టెంబరు 5న ఫిన్లాండ్‌లోని తుర్కు నగరంలో మ్యాచ్. ఆ రోజు మధ్యాహ్నానికి కూడా ఆరుగురి కాగితాలు రాలేదు. గోల్‌కీపర్ సమీర్ ఉయ్‌కాని, డిఫెండర్ అమీర్ రహ్మాని, మిలోత్ రషీత్సా, నార్వేకు 20 మ్యాచ్‌లు ఆడిన వలోన్ బెరిషా వారిలో ఉన్నారు. జట్టు స్టేడియానికి బయలుదేరే ముందు ఇక కొద్ది గంటలే ఉందనగా అనుమతి వచ్చింది. కోచ్ అల్బర్ట్ బున్యాకి (ఇందాక చెప్పిన ఆటగాడు బున్యాకు వేరు) స్థానంలో ఉండి ఒక్కసారి ఆలోచించండి. జట్టు పేర్లు రాసుకోవడానికి కూడా వీలులేని పరిస్థితి అది. ఫిన్లాండ్ మొదటి భాగంలో గోల్ కొట్టింది. 60వ నిమిషంలో వచ్చిన పెనాల్టీని బెరిషా గోల్‌గా మలిచాడు. 1-1తో డ్రా అయింది. ఆ రోజు మధ్యాహ్నం వరకు అతనికి ఆడే హక్కే లేదు.

సమర్పకురాలు: అంత గొప్పగా మొదలైనా ఆ అర్హత పోటీల్లో తరువాత ఏమీ గెలవలేదు.

మాస్టారు: ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ డ్రాతో వచ్చిన ఒక్క పాయింటే చివరికి మిగిలింది, మిగతా తొమ్మిదీ ఓడిపోయారు. క్రొయేషియా 6-0తో ఓడించింది. అది కొసోవో సొంత మ్యాచే గాని, ప్రిష్టినాలో స్టేడియం ప్రమాణాలకు తగినట్లు లేకపోవడంతో అల్బేనియాలోని ష్కోడ్రలో ఆడారు. ఉక్రెయిన్ కొసోవోను గుర్తించదు కాబట్టి ఆ మ్యాచ్ పోలాండ్‌లోని క్రాకోవ్‌లో పెట్టారు. అంటే సొంత గడ్డ మీద ఒక్క మ్యాచ్ కూడా లేకుండా ఒక అర్హత పోటీ మొత్తం ముగించారు. గుర్తింపు రాగానే విజయాలు రావు, ముందు నేల కావాలి. ప్రిష్టినా స్టేడియాన్ని బాగుచేసి 2018 సెప్టెంబరులో ఫారో దీవులతో ఆడి 2-0తో గెలిచినప్పుడు అసలు పెరుగుదల మొదలైంది. అయితే దానిని వోక్రి చూడలేదు. ఆ ఏడాది జూన్ 9న, 57 ఏళ్ల వయసులో గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. ఇప్పుడు ఆ స్టేడియానికి ఆయన పేరే ఉంది. కొందరి పేరు పెట్టడం మర్యాద కోసమే ఉంటుంది గాని, ఇక్కడ ఆ పేరు పెట్టకపోతే తప్పయ్యేది.

సమర్పకురాలు: ఐరోపా దేశాల జట్లు స్థాయిని బట్టి శ్రేణులుగా ఆడే నేషన్స్ లీగ్ వాళ్లకు ఎలా ఉపయోగపడింది?

మాస్టారు: చాలా ఉపయోగపడింది. పెద్ద జట్ల చేతిలో వరుసగా ఓడిపోవడం కంటే తమ స్థాయి జట్లతో పోటీపడి గెలవడం నేర్చుకోవడానికి అది మంచి అవకాశం. స్విట్జర్లాండ్‌కు చెందిన అనుభవజ్ఞుడు బెర్నార్ షాలాండ్ శిక్షణలో 2018లో అట్టడుగు శ్రేణిలో ఆరు మ్యాచ్‌లు ఆడి, నాలుగు గెలిచి, రెండు డ్రా చేసుకుని, 15 గోల్స్ కొట్టి గ్రూపులో మొదటి స్థానం సంపాదించారు. అజర్‌బైజాన్ మీద 4-0తో గెలిచిన చివరి మ్యాచ్‌లో అర్బెర్ జెనెలి ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఆ తరువాత 2019 సెప్టెంబరు 7న ప్రిష్టినాలో చెక్ జట్టు ముందు గోల్ కొట్టినా, తేరుకుని 2-1తో గెలిచారు. మూడు రోజులకు ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో మ్యాచ్. 34 సెకన్లలో బెరిషా గోల్ కొట్టాడు.

సమర్పకురాలు: ఆ మ్యాచ్ నేనూ చూశాను. మొదటి భాగం ముగిసేసరికి ఇంగ్లండ్ 5-1తో ముందుంది. ఇక పది గోల్స్ పడతాయేమో అనుకున్నాను.

మాస్టారు: అందరూ అలాగే అనుకున్నారు. కానీ విరామం తరువాత వాళ్లు గోల్ ముందు గుమిగూడి కాచుకోలేదు, ముందుకే వచ్చారు. బెరిషా మరొకటి, వెదాత్ మురీచి పెనాల్టీతో ఇంకొకటి కొట్టారు. హ్యారీ కేన్ కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ మురిచ్ ఆపాడు. చివరికి 5-3. పదిహేను మ్యాచ్‌లుగా ఓటమి ఎరుగని వాళ్ల పరుగు అక్కడ ఆగింది గాని, రెండో భాగం లెక్క వేరుగా తీస్తే గెలిచింది కొసోవోనే. నవంబరులో ఇంగ్లండ్ ప్రిష్టినాకు వచ్చినప్పుడు ఊరు ఊరంతా ఇంగ్లండ్ అభిమానులకు స్వాగతం పలికింది. 1999లో యుగోస్లావియా మీద జరిగిన నాటో దాడుల్లో బ్రిటన్ తీసుకున్న పాత్రకు అక్కడి జనం చూపించే కృతజ్ఞత అది. ఆ రోజు 4-0తో ఓడిపోయారు. యూరోకు వెళ్లే ఆఖరి అవకాశమైన ప్లే-ఆఫ్‌లో 2020 అక్టోబరులో ఉత్తర మాసిడోనియా చేతిలో 2-1తో ఓడిపోయారు.

సమర్పకురాలు: జట్టులో అందరూ ప్రవాసుల పిల్లలేనా? అలాగైతే దీనిని కొసోవో ఫుట్‌బాల్ పెరుగుదల అనవచ్చా, లేక స్విట్జర్లాండ్, జర్మనీ శిక్షణ కేంద్రాల ఫలితం అనాలా?

మాస్టారు: ఇది కొసోవోలోనూ జరిగే వాదనే. నా సమాధానం సూటిగా చెబుతాను. ప్రవాసం లేకపోతే ఈ జట్టు ఇంత త్వరగా ఈ స్థాయికి వచ్చేది కాదు. కానీ అందరూ బయట తయారైనవాళ్లు కారు. మురీచి ప్రిజ్రెన్‌లో పుట్టి, అక్కడి లిరియా క్లబ్‌లో మొదలుపెట్టి, అల్బేనియా చిన్న క్లబ్బుల్లో ఆడి, తుర్కియే రెండో శ్రేణి నుంచి మెట్టు మెట్టుగా ఎక్కి, ఇటలీలో లాజియోకు, స్పెయిన్‌లో మయోర్కాకు చేరాడు. జాతీయ జట్టుకు అత్యధిక గోల్స్ అతనివే. రహ్మాని కొసోవోలో ద్రెనీత్సా క్లబ్‌కు ఆడి, అల్బేనియా, క్రొయేషియా మీదుగా నాపోలీకి వెళ్లి, 2023లోనూ 2025లోనూ ఇటలీ లీగ్ టైటిల్ గెలిచాడు. రషీత్సా వుచిత్రన్ కుర్రవాడు. ఈ ముగ్గురూ కొసోవో మట్టిలో ఆట నేర్చినవాళ్లే. అయితే పద్దెనిమిది, ఇరవై ఏళ్లు రాగానే ముగ్గురూ దేశం వదిలి వెళ్లక తప్పలేదు. అక్కడి లీగ్‌లో డబ్బు లేదు, చలికాలంలో చాలా మైదానాలు బురదగా మారతాయి, కొన్నింటికి యూరోపియన్ మ్యాచ్‌లు నిర్వహించే అర్హత లేదు.

సమర్పకురాలు: క్లబ్బుల పరిస్థితి ఇంకా మెరుగుపడలేదా?

మాస్టారు: కొంత మెరుగుపడింది. సుహారెకా అనే చిన్న పట్టణానికి చెందిన బాల్కాని క్లబ్ 2022-23లో ఐరోపా క్లబ్బుల మూడో స్థాయి పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్ గ్రూపు దశకు చేరింది. కొసోవో క్లబ్ అంత దూరం వెళ్లడం అదే మొదటిసారి. 2025-26లో జిలాన్‌కు చెందిన డ్రిటా ఆ పోటీలోనే లీగ్ దశలో ఆడింది. ఇలాంటి దశకు చేరిన క్లబ్‌కు యూఈఎఫ్‌ఏ నుంచి వచ్చే సొమ్ము అక్కడి క్లబ్ బడ్జెట్‌తో పోలిస్తే చాలా పెద్దది. అందులో ఎక్కువ భాగం విదేశీ ఆటగాళ్ల జీతాలకు పోతే నేను బాధపడతాను. పిల్లల మైదానాలకు, కోచ్‌ల శిక్షణకు వెళ్లాలి. మహిళల ఆటలో కూడా మిట్రోవిట్సా క్లబ్ ఛాంపియన్స్ లీగ్‌లో చివరి 32 జట్ల దాకా వెళ్లి జర్మనీకి చెందిన వోల్ఫ్స్‌బర్గ్‌తో ఆడింది. పెద్ద తేడాతో ఓడిందనుకోండి, కానీ ఒకప్పుడు ఆడపిల్ల బంతి తన్నితే వింతగా చూసిన ఊళ్లకు అది చిన్న విషయం కాదు.

సమర్పకురాలు: గుర్తింపు సమస్య ఇంకా మైదానంలో ఎదురవుతూనే ఉందా?

మాస్టారు: ఉంది. సెర్బియా, బోస్నియాలతో ఒకే గ్రూపులో పడకుండా యూఈఎఫ్‌ఏ డ్రా తీస్తుంది. 2021 మార్చిలో సెవియాలో స్పెయిన్‌తో ఆడినప్పుడు అక్కడి టెలివిజన్ తెర మీద స్పెయిన్ పేరును పెద్ద అక్షరాల్లో, కొసోవో పేరును చిన్న అక్షరాల్లో చూపించారు. 2024 నవంబరు 15న బుకారెస్ట్‌లో రుమేనియాతో మ్యాచ్ 0-0గా ముగియబోతుండగా, స్టాండ్ల నుంచి సెర్బియా పేరుతో నినాదాలు వస్తున్నాయని కొసోవో ఆటగాళ్లు మైదానం వదిలి వెళ్లిపోయారు. యూఈఎఫ్‌ఏ ఆ మ్యాచ్‌ను 3-0తో రుమేనియాకు ఇచ్చింది. వాళ్ల ఆవేదన నాకు అర్థమవుతుంది, అయినా ఆ రోజు నిలబడి మ్యాచ్ ముగించి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. మురికి నినాదాలు చేసినవాళ్లకు మూడు పాయింట్లు కూడా దక్కాయి.

సమర్పకురాలు: ఇక 2026 ప్రపంచ కప్ అర్హత పోటీల సంగతి. చాలామందిని ఆశ్చర్యపరిచారు కదా?

మాస్టారు: నన్ను కూడా ఆశ్చర్యపరిచారు. జర్మనీకి చెందిన ఫ్రాంకో ఫోడా శిక్షణలో 2025 మార్చిలో ఐస్‌లాండ్‌ను ఇంటా బయటా ఓడించి నేషన్స్ లీగ్ రెండో శ్రేణికి ఎదిగారు. ప్రపంచ కప్ అర్హత గ్రూపులో స్విట్జర్లాండ్, స్వీడన్, స్లొవేనియా ఉన్నాయి. సెప్టెంబరులో బాసెల్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌లో స్విట్జర్లాండ్ 4-0తో ఓడించింది. ప్రత్యర్థి కెప్టెన్ గ్రానిట్ జాకా, వేదిక అతను పుట్టిన ఊరు. అంతటితో పని అయిపోయిందనుకున్నారు. మూడు రోజులకు ప్రిష్టినాలో స్వీడన్‌ను 2-0తో ఓడించారు. అక్టోబరులో గోథెన్‌బర్గ్ వెళ్లి, పేరున్న ఫార్వర్డ్‌లు ఇసాక్, గ్యోకెరెస్ ఇద్దరూ ఆడుతున్న జట్టును మళ్లీ 1-0తో ఓడించారు. బెర్లిన్‌లో పుట్టిన ఫిస్నిక్ అస్లానీ ఆ గోల్ కొట్టాడు. ఆ మర్నాడే స్వీడన్ తమ కోచ్‌ను తొలగించింది. నవంబరులో స్లొవేనియాను వాళ్ల గడ్డ మీదే 2-0తో గెలిచి, ప్రిష్టినాలో స్విట్జర్లాండ్‌తో 1-1తో డ్రా చేసుకుని, 11 పాయింట్లతో గ్రూపులో రెండో స్థానంలో నిలిచి ప్లే-ఆఫ్‌కు చేరారు. తొమ్మిదేళ్ల కిందట పది మ్యాచ్‌లకు ఒక్క పాయింటు తెచ్చుకున్న జట్టు ఆరు మ్యాచ్‌లలో పదకొండు తెచ్చుకుంది.

సమర్పకురాలు: ఈ జట్టు ఇక మీదట ఎదుర్కోబోయే పెద్ద సమస్య ఏమిటంటారు?

మాస్టారు: ప్రవాసుల మూడో తరం. యుద్ధంలో పారిపోయి వచ్చిన తల్లిదండ్రుల పిల్లలకు కొసోవో అంటే ఇంట్లో రోజూ వినిపించే మాట. వాళ్ల పిల్లలకు అది వేసవి సెలవుల్లో వెళ్లే తాతగారి ఊరు. మంచి ఆటగాడు పదిహేడేళ్లకే జర్మనీకో, స్విట్జర్లాండ్‌కో ఆడాలని నిశ్చయించుకుంటాడు. అతన్ని తమ వైపు తెచ్చుకోవడానికి ఇంత కాలం దేశభక్తి సరిపోయింది. ఇప్పుడు గెలిచే జట్టు ఉంది కనుక ఇంకొంత కాలం సరిపోతుంది. ఆ తరువాత సొంత అకాడెమీలు ఉండాలి. ప్రిష్టినాలో జాతీయ జట్టు ఆడే స్టేడియంలో దాదాపు 13 వేల మందికే చోటు ఉంది, పెద్ద మ్యాచ్ అంటే టిక్కెట్టు దొరకడమే గగనం. పెద్ద స్టేడియం కట్టాలని అందరూ అడుగుతున్నారు. నన్నడిగితే ఆ డబ్బులో సగం ముందు జిలాన్, ప్రిజ్రెన్, పేయా వంటి పట్టణాల్లో చలికాలంలో కూడా పిల్లలు ఆడుకోగల మైదానాలకు పెట్టమంటాను.

సమర్పకురాలు: చాలా విషయాలు చెప్పారు మాస్టారూ, ధన్యవాదాలు. శ్రోతలారా, బాల్కన్ ఫుట్‌బాల్ మీద మీకున్న ప్రశ్నలు మాకు పంపండి. వచ్చే భాగంలో ఇదే యుగోస్లావియా నుంచి విడిపోయి, 2006లో స్వతంత్ర దేశమైన మాంటెనెగ్రో గురించి మాస్టారితోనే మాట్లాడుకుందాం. నమస్కారం.